ఇసుక తిన్నెల మీద చక్రాలు - ఒక తాతగారి సంజాయిషీ



ఈ పుటలో ఇంతకాలం ఛందస్సు, సమాసాలు, పాత పుస్తకాల ముచ్చట్లు తప్ప వేరొకటి వ్రాసి ఎరుగను. ఈసారి మోటారు బండ్ల గురించి వ్రాస్తున్నాను. పంతులుగారికి మతి చలించిందని అనుకోకండి. సంక్రాంతికి మా యింట్లో నాకూ మా మనుమడికీ ఒక వాదం జరిగింది. అందులో నేను ఓడిపోయాను. నా పక్షం తప్పు కావడం వలన కాదు, దానిని సరిగా చెప్పలేకపోవడం వలన. నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి ఇంతకంటె చిన్నతనం లేదు. అప్పుడు నోటికి రాని సమాధానాన్ని ఇప్పుడు తీరికగా కూర్చుని వ్రాసుకుంటున్నాను. మీరూ చదివి తప్పొప్పులు చెప్పండి.

మా అమ్మాయీ, అల్లుడూ శాన్ డియాగోలో ఉంటారు. కొన్నేళ్ళ క్రిందట మా దంపతులం అక్కడికి వెళ్ళినప్పుడు, శీతకాలపు సెలవులలో మమ్మల్ని ఇంపీరియల్ ఇసుక దిబ్బలకు తీసుకువెళ్ళారు. అక్కడివారు గ్లామిస్ అంటారు. సముద్రానికి చాలా దూరంలో, ఎడారి నడుమ, 65 కిలోమీటర్ల పొడవున పరచుకున్న దిబ్బలవి. కొన్ని 300 అడుగుల ఎత్తు ఉంటాయి. ఎప్పుడో ఎండిపోయిన ఒక మహాసరస్సు ఇసుకను గాలి తెచ్చి పోసిందని చెబుతారు. సెలవులు వస్తే వేలాది కుటుంబాలు ఇల్లంత బండ్లతో వచ్చి అక్కడ విడిది చేస్తాయి. పగలంతా లావుపాటి చక్రాల చిన్న బండ్లెక్కి దిబ్బలెక్కడం, దిగడం. రాత్రి నెగడు చుట్టూ కూర్చుని కబుర్లు. ముసలివారూ ఉన్నారు, చంటిపిల్లలూ ఉన్నారు.

నేను ముక్కు విరుచుకుంటూనే వెళ్ళాను. కాని ఆ యేర్పాటు చూసి ముచ్చటపడ్డాను. ప్రతి బండికీ పొడవాటి కర్ర, దాని కొసన జెండా. నేలనుంచి ఎనిమిది అడుగుల ఎత్తున అది కనబడాలి. దిబ్బకు ఆవలి పక్కనుంచి మరొక బండి వస్తుంటే, బండి కంటె ముందు జెండా కనబడుతుంది. శిరస్త్రాణం లేనిదే నాలుగు చక్రాల చిన్నబండి ఎక్కనివ్వరు. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలు భద్రతా శిక్షణ పొంది ఉండాలి, లేదా శిక్షణ పొందిన పెద్దల కనుసన్నలలో నడపాలి. మా ఆవిడ కట్టి తెచ్చిన పులిహోర పక్క డేరా వారికి కూడా పంచాము. మా అల్లుడు నన్ను ఇనుప కమ్ముల పందిరి ఉన్న బండిలో కూర్చోబెట్టి, నడుముకీ భుజాలకీ పట్టీలు బిగించి, ఒక దిబ్బ శిఖరం మీదికి తీసుకుపోయి క్రిందికి జార్చాడు. కళ్ళు మూసుకున్నాను. దిగిన తరువాత కళ్ళు తెరిచి, "ఇంకొక్కసారి" అన్నాను.

ఆ మాటే ఈ సంక్రాంతికి నా మెడకు చుట్టుకుంది.

మా వూరు ఆమదాలవలస. మా స్టేషనుకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు. ఇక్కడినుంచి కళింగపట్నం తీరానికి సుమారు 40 కిలోమీటర్లు. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. కనుమనాడు అందరం అక్కడికి వెళ్ళి, ఒక రాత్రి డేరా వేసుకుని ఉందామని అల్లుడుగారు ఏర్పాటు చేశారు. విశాఖలో ఎవరి దగ్గరనో రెండు ఇసుక బండ్లు అద్దెకు మాట్లాడారట. లారీలో వస్తాయట. నేను "కూడదు" అన్నాను.

"ఏం తాతగారూ? అక్కడ ఇంకొక్కసారి అన్నది మీరే కదా?" అన్నాడు మా మనుమడు. వాడికి పధ్నాలుగేళ్ళు.

తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవన్నాను. "మరి చేపలవాళ్ళ ట్రాక్టర్లు తీరం మీద తిరుగుతాయి కదా?" అన్నాడు. "అదంతా ఇసుకే కదండీ మావయ్యగారూ, ఇసుక ఎక్కడైనా ఇసుకే" అన్నారు అల్లుడుగారు. నేను గొంతు పెంచాను. గొంతు పెంచినవాడు ఓడినట్లే. బండ్లు రాలేదు, పండుగ పూట పిల్లవాడి ముఖం మాత్రం చిన్నబోయింది.

ఇసుక ఎక్కడైనా ఇసుకేనా? నా సమాధానం అక్కడ మొదలు కావలసింది.

మన భాషలో ఇసుకకు ఒక్క మాట సరిపోలేదు. సంస్కృతంలో సికత, దానినుంచి సైకతం. నీటినుంచి బయటపడిన ఇసుక నేల పులినం. తెలుగులో దిబ్బ, మెట్ట, తిన్నె. వీటిలో తిన్నె అన్న మాట చూడండి. ఇంటి ముందరి అరుగునూ తిన్నె అంటాము, ఏటి ఒడ్డున, కడలి ఒడ్డున ఎత్తుగా పేరుకున్న ఇసుకనూ తిన్నె అంటాము. ఇంటికీ వీధికీ నడుమ అరుగు ఉన్నట్లే, ఊరికీ సముద్రానికీ నడుమ ఈ తిన్నె ఉంటుంది. వచ్చినవారు అరుగు మీద కూర్చుంటారు, పడుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు. దాని మీద బండి తోలినవాడిని మాత్రం నేను చూడలేదు.

ఇది మాటల చమత్కారం కాదు. గ్లామిస్ దిబ్బలకు వెనుక ఊరు లేదు, ముందు సముద్రం లేదు. మన తీరపు తిన్నెకు రెండూ ఉన్నాయి. వంశధార, నాగావళి ఒరిస్సా కొండలనుంచి ఇసుకను మోసుకువచ్చి సముద్రానికి అప్పగిస్తాయి. కెరటాలు దానిని ఒడ్డుకు నెడతాయి. ఎండిన ఇసుకను గాలి లోపలికి తోలుతుంది. దానిని పట్టి ఆపేవి చాలా అల్పమైన ప్రాణాలు. మేక గిట్ట వంటి ఆకు, ఊదారంగు పువ్వు గల ఒక తీగ నేలబారున అల్లుకుని ఉంటుంది. ముళ్ళబంతులై గాలికి దొర్లే గడ్డి ఒకటి ఉంటుంది, రావణాసురుడి మీసాలంటారు. వీటి వేళ్ళు పట్టుకున్న ఇసుకే తిన్నె అవుతుంది. తరువాత మొగలి పొదలు, ఆ వెనుక సరుగుడు తోటలు, జీడిమామిడి, కొబ్బరి, ఆ వెనుక ఊరు. ఇది ఒక వరుస. మొదటి వరుసలో నిలిచింది ఒక తీగ.

ఆ తీగ ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది, మండుటెండను ఓర్చుకుంటుంది. చక్రాన్ని ఓర్చుకోలేదు. చక్రం వెళ్ళినచోట తీగ తెగుతుంది, వేళ్ళు పైకి వస్తాయి, గాలి అక్కడ సందు చేసుకుంటుంది. మరుసటి బండి అదే జాడలో వెళుతుంది, ఎందుకంటే జాడలో వెళ్ళడం సుళువు. సందు గండి అవుతుంది. గండిలోంచి ఇసుక తోటలోకి వస్తుంది; తుపాను వచ్చిన నాడు నీరు వస్తుంది.

మా జిల్లావారికి తుపాను అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తిన్నె గాలిని ఆపదు; కాని ఉప్పెన నీటికి అడ్డుపడుతుంది. తుపాను కెరటం తిన్నె ముందు భాగాన్ని కోసి తీసుకుపోతుంది. సముద్రం శాంతించాక ఆ ఇసుకలో కొంత మళ్ళీ ఒడ్డుకు చేరుతుంది. అది ఒక నిల్వధనం వంటిది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో సింహళద్వీపంలోని యాలా తీరాన, సముద్రం బాగా కనబడాలని ముందరి దిబ్బను తొలగించుకున్న ఒక విడిది నామరూపాలు లేకుండా పోయింది. దిబ్బలు చెక్కుచెదరకుండా ఉన్న ఇరుగుపొరుగు స్థలాలు చాలావరకు నిలిచాయి.

మరొకటి, మంచినీళ్ళు. తిన్నెలలో చెలమ తీస్తే తియ్యటి నీరు ఊరడం మా తీరపు పల్లెలలో పెద్దవారందరూ ఎరిగినదే. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. తిన్నె తరిగితే ఆ తీపినీటి పొర తరుగుతుంది.

ఇక తాబేళ్ళు. సముద్రపు తాబేలు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది జనవరినుంచి మార్చి ఏప్రిల్ వరకు. అంటే సరిగ్గా మన పిల్లలు పండుగకు వచ్చి, బండ్లు తెద్దామనుకునే రోజులు. రాత్రివేళ ఒంటరిగా వచ్చి, కెరటం అందని మెట్ట చూసుకుని, వెనుక కాళ్ళతో అడుగున్నర లోతు గొయ్యి తీసి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పి, మళ్ళీ నీటిలోకి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజులలో పిల్లలు పైకి వస్తాయి. వెలుతురు ఉన్న దిక్కుకు పరుగెత్తడం వాటి స్వభావం. రాత్రి సముద్రం మీద ఆకాశం నేలకంటె వెలుగుగా ఉంటుంది కాబట్టి అవి నీటికి చేరుతాయి. ఒడ్డున పెద్ద దీపాలు పెడితే ఎదురు దిక్కుకు పోతాయి. బండి చక్రం గుడ్ల మీది ఇసుకను గట్టిపరుస్తుంది. పోనీ, పిల్ల బయటపడిందే అనుకోండి. జానెడు లోతు చక్రపు జాడ దానికి అగడ్త. అందులో పడినది ఎక్కలేక జాడ వెంబడే పోతూ తెల్లవారి కాకులకు, కుక్కలకు దొరుకుతుంది.

మా శ్రీకూర్మం ఆ తీరానికి ఎంతో దూరంలో లేదు. కూర్మావతారాన్ని మూలవిరాట్టుగా కొలిచే కోవెల ఎంత అరుదో మీకు తెలుసు. అక్కడ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళకు ఆకులు పెట్టి దండం పెడతాము. అవి నేల తాబేళ్ళు, ఇవి సముద్రపువి, జాతి వేరు. అయినా ఉదయం ఒక తాబేలుకు మొక్కి, సాయంకాలం మరొక తాబేలు గుడ్ల మీద బండి తోలడం పొసగదు.

ఇప్పుడు మనుమడి ప్రశ్నకు వస్తాను. అమెరికాలో తప్పు కానిది ఇక్కడ తప్పెలా అయింది? ఒకటి, అక్కడ కూడా అంతా తోలనివ్వరు. గ్లామిస్ దగ్గర రహదారికి ఉత్తరాన ఉన్న దిబ్బలను 1994లో చట్టం చేసి, వాహనాలు పోకూడని అడవిగా ప్రకటించారు. దక్షిణాన కూడా ఒక అరుదైన చిక్కుడు కుటుంబపు మొక్క కోసం కొంత నేలకు సరిహద్దు కట్టారు. రెండు, తీరపు దిబ్బల విషయంలో అక్కడా తగవే. అదే కాలిఫోర్నియాలో ఓషియానో తీరాన దిబ్బల మీద వాహనాలను మూడేళ్ళలో మాన్పించాలని ఆ రాష్ట్రపు తీరసంఘం 2021 మార్చిలో తీర్మానించింది. అక్కడ గూళ్ళు పెట్టే చిన్న పిట్టల గొడవ ఒకటి, లేచిన ధూళి పక్క ఊళ్ళ మీద పడడం మరొకటి. బండ్లవారు న్యాయస్థానాలకు వెళ్ళారు. కనుక ఇది దేశాల తేడా కాదు, దిబ్బల తేడా.

ట్రాక్టర్ల సంగతి నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. పండుగ తరువాత ఒకనాడు తీరానికి వెళ్ళి, వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగాను. పడవలను లాగడానికి ట్రాక్టరు వస్తుందనీ, ఎప్పుడూ ఒకే దారిన వచ్చి, తడి ఇసుక మీద తిరిగి, అదే దారిన పోతుందనీ చూపించాడు. నిజమే, దారి ఒక్కటే. "మీవోళ్ళు ఒక్కపూట తొక్కేసి ఎలిపోతారు మేస్టారూ. ఏడాదంతా ఆ ఇసక మా కూట్లో పడతాది" అన్నాడు. ఆ ట్రాక్టరు వల్ల హాని లేదని నేను అనను. కాని బ్రతుకుతెరువుకు ఒక దారి వాడుకోవడం వేరు, వినోదానికి దారి లేనిచోట్లన్నీ వెతుక్కుని తోలడం వేరు. ఈ ఆటలో సరదా అంతా దారి లేకపోవడంలోనే ఉంది కదా!

చట్టం మాట చివరకు చెప్పవలసింది. నేను మొదట చెప్పి పాడుచేసుకున్నాను. 1991లో మొదటిసారి వెలువడి, 2011లోనూ 2019లోనూ మార్పులు పొందిన తీర నియంత్రణ ప్రకటన ఇసుక దిబ్బల రూపం మార్చడాన్ని నిషేధించింది. ఇసుక దిబ్బలనూ, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లనూ అన్నిటికంటె సున్నితమైన తరగతిలో చేర్చింది. సముద్రపు తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి పట్టికలోని ప్రాణి. కాని చట్టం కాగితం మీద ఉంటుంది, తీరం మీద కాపలా ఉండదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలనే చూడండి. అవి వేల ఏళ్ళ నాటి ఇసుక, ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కినది. 2025లో యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. అంతకు ముందు ఏడాది, 2024 జూలైలోనే, అక్కడ యంత్రాలతో నేల చదును చేస్తుంటే పత్రికలలో గగ్గోలయింది. కడలి ఒడ్డు తిన్నె కొన్నేళ్ళకు మళ్ళీ పేరుకోవచ్చు. ఎర్రదిబ్బ పోతే మళ్ళీ రాదు.

అయితే పిల్లలకు "కూడదు" అని చెప్పి ఊరుకోవడం పెద్దరికం కాదని కూడా ఆ అమెరికా దిబ్బల మీదే తెలుసుకున్నాను. మూడు తరాలవారు ఒకచోట చేరి, చేతిలోని ఫోను పక్కన పెట్టి, ఇసుకలో అన్నం తిని, చుక్కల క్రింద నిద్రపోవడం మంచి పని. మనకు కార్తిక వనభోజనాలు ఉండనే ఉన్నాయి. ఆరుబయట విడిది మనకు కొత్త కాదు. కనుక నా ప్రతిపాదనలు ఇవి.

విడిది తిన్నె మీద కాక, సరుగుడు తోటకు ఇవతల, ఊరివారి అనుమతితో, వారికి నాలుగు డబ్బులు ముట్టేటట్లు వేసుకోవాలి. జనవరినుంచి మే వరకు సముద్రం వైపు పెద్ద దీపాలు వెలిగించకూడదు. తీరానికి నడిచి వెళ్ళాలి; ఉన్న కాలిబాటనే వాడాలి. చక్రాల సరదాకు లోపలి నేలలు చూడాలి. టెక్కలి ప్రాంతంలో రాతి గనులు ఎన్నో ఉన్నాయి. పని ముగిసిన చోట గోతులు పూడ్చి, చదును చేసి, ఆ భూమిలో కొంత దీనికి కేటాయించవచ్చు. జెండా కర్ర, శిరస్త్రాణం, పిల్లలకు శిక్షణ అన్న మూడు నియమాలనూ ఆ గ్లామిస్ వారినుంచి అప్పు తెచ్చుకోవచ్చు. మన వాళ్ళు అక్కడినుంచి బండ్లను మాత్రమే దిగుమతి చేసుకుంటున్నారు, నియమాలను ఓడ ఎక్కించడం లేదు.

మా వాళ్ళు తిరిగి వెళ్ళే ముందు ఒక రాత్రి అందరం తీరానికి వెళ్ళాము. తోటలో పడుకున్నాము. పదకొండు గంటలకు చిన్న దీపం పట్టుకుని తడి ఇసుక వెంబడి రెండు గంటలు నడిచాము. తాబేలు కనబడలేదు. మనుమరాలు దారిలోనే నా భుజం మీద నిద్రపోయింది. అల్లుడుగారు "బండ్లుంటే బాగుండేది" అని ఇంకొకసారి అన్నారు. ఆయన మనసు మారిందని నేను చెప్పను. మనుమడు మాత్రం తిరుగుదారిలో, తిన్నె దాటేచోట, కాలిబాట ఎక్కడుందో వెతికి, చెల్లెలి చెప్పులు పట్టుకుని, దాని మీదుగానే నడిచాడు. నేనేమీ చెప్పలేదు. వాడూ ఏమీ అనలేదు.

"ఇంకొక్కసారి" అన్న నా మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు. గ్లామిస్ వెళితే మళ్ళీ ఎక్కుతాను. కళింగపట్నంలో మాత్రం చెప్పులు చేత పట్టుకుని నడుస్తాను. ఇదే వాడికి ఆనాడు చెప్పవలసిన సమాధానం.

మీ మీ తీరాల తిన్నెలు ఎలా ఉన్నాయో, బారువ వైపు, భీమిలి వైపు, సూర్యలంక వైపు ఉన్న మిత్రులు వ్రాస్తే సంతోషిస్తాను.

స్వస్తి.